విద్యాలయ లాంఛనాలు చెప్పే మాట

పట్టభద్రుడైన ప్రతి వ్యక్తి ఇంటిలోను భద్రంగా దాచుకున్న కాగితం ఒకటి ఉంటుంది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడల్లా దానిని బయటికి తీస్తారు. నకలు తీయించి, ధ్రువీకరణ చేయించి, మళ్ళీ పెట్టెలో పెడతారు. ఆ కాగితం పైభాగాన విశ్వవిద్యాలయం పేరుకు దగ్గరగా ఒక ముద్ర కనిపిస్తుంది. ఒకచోట అది డాలు, మరొకచోట పద్మం, ఇంకొకచోట దీపం. దానితోపాటు, చాలామందికి తెలియని భాషలో రెండు మూడు మాటలు. చదువుకున్న నాలుగైదేళ్ళూ హాలు టిక్కెట్టు మీద, గ్రంథాలయం కార్డు మీద ఆ ముద్రను చూస్తూనే ఉంటాం. కాని చూసినవారందరూ దానిని చదవరు. బొమ్మను చదవడం ఏమిటని ఆశ్చర్యపడనక్కరలేదు. లాంఛనానికి వర్ణమాల ఉన్నది, వ్యాకరణం ఉన్నది. ఈ విద్యాలయం ఎవరిది, ఇందులో చదువు ఎవరికి అన్న ప్రశ్నకు సంస్థాపకులు ఇచ్చుకున్న సమాధానం దానిలో ఉంటుంది.

డాలు మీద గుర్తు వేసి దానిని వంశానికి చెందినదిగా భావించే ఆచారం యూరపులో 12వ శతాబ్దిలో స్థిరపడింది. యుద్ధరంగంలోను, పందెపు పోరాటాలలోను యోధుని దూరంనుంచే గుర్తుపట్టడానికి అది అవసరమైంది. క్రమంగా ఆ గుర్తు తండ్రినుంచి కొడుకుకు సంక్రమించే ఆస్తి అయింది. ఎవరి గుర్తు ఏదో నమోదు చేసి, వివాదాలు వస్తే తీర్చే రాజోద్యోగులే హెరాల్డులు. ఇంగ్లండులో మూడవ రిచర్డు రాజు 1484లో వీరిని ఒక సంఘంగా ఏర్పరచాడు. దాని పేరు కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్. అక్కడ తరగతులు లేవు, పరీక్షలు లేవు. కాలేజి అన్న మాటకు మూలమైన లాటిను పదానికి ఒకే పనిమీద ఉన్నవారి సమాజమని అర్థం. పాఠశాల అన్న అర్థం తరువాత వచ్చినది.

ఈ సంగతి జ్ఞప్తిలో ఉంచుకుంటే యోధుని డాలు పండితుల గుమ్మం మీదికి ఎలా వచ్చిందో తెలుస్తుంది. మధ్యయుగపు కళాశాల చట్టం దృష్టిలో ఒక వ్యక్తి వంటిది. దానికి భూములున్నవి, శిస్తులు వస్తవి, దస్తావేజులు రాయవలసి ఉంటుంది. మనిషి అయితే తన గుర్తు తాను పెడతాడు. సంఘం ఎలా పెడుతుంది? మైనం మీద ముద్ర వేస్తుంది. ముద్రకు ఒక గుర్తు కావాలి. కత్తి పట్టని పండితులకు డాలు దొరకడానికి ఈ దస్తావేజుల అవసరమే తోడ్పడింది.

ఈ గుర్తుల భాషలో నియమాలు కొద్ది, కాని గట్టివి. రంగులు రెండు తెగలు. బంగారం, వెండి లోహాలు. అచ్చులో బంగారానికి పసుపు, వెండికి తెలుపు వాడవచ్చు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు, ఊదా వర్ణాలు. లోహం మీద లోహం, వర్ణం మీద వర్ణం వేయరాదు. ఇది శాస్త్రకారుల చాదస్తమని తోచవచ్చు గాని, దూరానికి స్పష్టంగా కనిపించాలన్నదే దీని ఉద్దేశం. మన రోడ్ల మీది వాహనాల నంబరు పలకలు చూడండి: తెలుపు మీద నలుపు, పసుపు మీద నలుపు, విద్యుత్తు వాహనాలకు ఆకుపచ్చ మీద తెలుపు. తెలిసో తెలియకో మన రవాణా శాఖ కూడా ఈ నియమాన్నే పాటిస్తున్నది. జంతువులను, పూలను వాటి సహజమైన రంగులలో చిత్రిస్తే మాత్రం వాటికి మినహాయింపు ఉన్నది.

డాలుకు కుడి ఎడమలు చూసేవారివి కావు, పట్టినవారివి. మనకు ఇది కొత్త కాదు. గుడిలో స్వామికి కుడివైపున దేవేరి అన్నప్పుడు స్వామి కుడిచేతి వైపనే గ్రహిస్తాం, మన కుడిచేతి వైపని కాదు. ఇక నల్లసిరాతో అచ్చయ్యే కాగితాల మీద రంగులు చూపడానికి 17వ శతాబ్దిలో ఒక ఉపాయం వ్యాప్తిలోకి వచ్చింది. పెత్రా సాంక్తా అనే జెసూట్ పండితుని పేరుతో అది ప్రసిద్ధం. చుక్కలు బంగారం, ఏమీ లేని ఖాళీ వెండి, నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, ఏటవాలు గీతలు ఆకుపచ్చ, నిలువు అడ్డ గీతలు కలిసిన గళ్ళు నలుపు. ఈ పద్ధతిలో చెక్కిన ముద్ర ఎక్కడైనా కనిపిస్తే భూతద్దంతో చూడండి. నీడకోసం వేశారనుకున్న గీతలు రంగుల పేర్లు చెబుతాయి.

కళాశాల లాంఛనానికి మంచి ఉదాహరణ కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజి. ఆరవ హెన్రీ రాజు దానిని 1441లో స్థాపించి, 1449 జనవరి 1న లాంఛనం ప్రసాదించాడు. నల్లని డాలు మీద మూడు తెల్లని గులాబీలు. నలుపు మారని రంగు కనుక అది కళాశాల శాశ్వతత్వానికి గుర్తు. గులాబీలు అన్ని శాస్త్రాలలోను అక్కడ వికసించబోయే ప్రకాశమానమైన పువ్వులు. రాజు ఇచ్చిన శాసనపత్రమే ఈ అర్థం చెబుతుంది. ఇంతవరకు విద్యకు సంబంధించినదే. కాని డాలు పైభాగాన మరి రెండు గుర్తులున్నవి: ఒకవైపు నీలం మీద బంగారు లిల్లీ పువ్వు, రెండవవైపు ఎరుపు మీద నడుస్తున్న బంగారు సింహం. సింహం ఇంగ్లండు రాజులది. లిల్లీ ఫ్రాన్సు రాజులది. నాటి ఇంగ్లండు రాజు ఫ్రాన్సుకు కూడా తానే రాజునని చెప్పుకునేవాడు. ఆ వాదాన్ని పిల్లల బడి డాలు మీద కూడా వేయించాడు. ఐదేళ్ళు తిరగకుండానే, 1453 నాటికి, కలే రేవు తప్ప ఫ్రాన్సులో అతనికి ఏమీ మిగలలేదు. 1801లో ఇంగ్లండు రాజులు తమ లాంఛనంనుంచి ఆ లిల్లీని తొలగించారు. కళాశాల తొలగించలేదు. రాజ్యం పోయినా, వాదం పోయినా, ఆ పువ్వు ఇప్పటికీ విద్యార్థుల చొక్కాల మీద ఉన్నది. దానిని చూసి ఫ్రాన్సు ఎవరూ నొచ్చుకోదు!

విద్యాసంఘానికి ముద్ర అనే ఆలోచన ఇంగ్లండులో పుట్టినదని మాత్రం భ్రమపడరాదు. నలందా త్రవ్వకాలలో మట్టి ముద్రలు దొరికినవి. వాటి మీద నడుమ ధర్మచక్రం, రెండు వైపులా రెండు జింకలు. బుద్ధుడు మొదటి ఉపదేశం చేసిన సారనాథ్ మృగవనాన్ని ఆ జింకలు గుర్తుచేస్తాయి. కింద ఉన్న అక్షరాలకు అర్థం: శ్రీ నలందా మహావిహారంలోని పూజ్య భిక్షుసంఘానిది. ఆ వాక్యంలో కర్త లేడు, క్రియ లేదు. ఉన్నది షష్ఠీ విభక్తి ఒక్కటే. ఇది ఎవరిది అంటే సంఘానిది. రాజులు ఊళ్ళకు ఊళ్ళు దానమిచ్చిన మహావిహారం అది; అయినా ముద్ర మీద సంఘం పేరే ఉన్నది. అంతేకాదు, వంగ మగధ ప్రాంతాలను ఏలిన పాల రాజులు తమ తామ్రశాసనాల ముద్రల మీద ఇదే ధర్మచక్రాన్ని, ఈ జింకలనే వేసుకున్నారు. ఇంగ్లండులో రాజు తన సింహాన్ని కళాశాలకు ఇచ్చాడు. ఇక్కడ భిక్షువుల చక్రాన్ని రాజులు ధరించారు.

మన రాజవంశాలకూ సొంత లాంఛనాలున్నవి. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల రాగిరేకుల ముద్రల మీద వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, శ్రీ త్రిభువనాంకుశ అన్న బిరుదం కనిపిస్తాయి. లాంఛనం చూసి వంశం చెప్పడం శాసనాలు చదివేవారికి నిత్యకృత్యం. అందువల్ల 19వ శతాబ్దిలో ఇంగ్లీషు డాలు మన విద్యాలయాల మీదికి వచ్చినప్పుడు అది ఖాళీ గోడ మీద తగిలించిన పటం కాదు.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడినవి. మద్రాసు విశ్వవిద్యాలయానికి శాసనం వచ్చినది ఆ సంవత్సరం సెప్టెంబరు 5న. ఉత్తరాన తిరుగుబాటు ఇంకా చల్లారలేదు. 1926 వరకు రాజమండ్రి, బందరు, గుంటూరు, విజయనగరం కళాశాలల విద్యార్థులు పట్టాలు పుచ్చుకున్నది ఆ విశ్వవిద్యాలయంనుంచే. అందువల్ల దాని డాలును కొంచెం నిదానంగా చూడవలసి ఉన్నది.

డాలు నేల వెండి, అంటే తెలుపు. అడుగున ఆకుపచ్చని దిబ్బ. దాని మీద సహజమైన రంగులో నడుస్తున్న పులి. పై మూడవవంతు నల్లని పట్టీ. ఆ పట్టీ మధ్యలో నిలువుగా ఒక బంగారు పట్టీ. దానిమీద కాడతోను ఆకులతోను ఒక పద్మం. పద్మానికి రెండు వైపులా నలుపు మీద రెండు ఏనుగు తలలు. ఇందాక చెప్పిన నియమం ఇక్కడ ఎంత శ్రద్ధగా పాటించబడిందో గమనించండి. తెలుపు మీద ఆకుపచ్చ, తెలుపు మీద నలుపు, నలుపు మీద బంగారం, నలుపు మీద వెండి వన్నె ఏనుగులు. అంగుళమంత ముద్రలో కూడా ఏదీ దేనిలోనూ కలిసిపోదు.

పులి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పాత ఇంగ్లీషు లాంఛనాలలో కూడా పులి ఉన్నది. కాని అది పులి కాదు. చారలు లేని, వంకర ముక్కున్న ఒక కల్పిత మృగం. దానిని గీసినవారు పులిని చూడలేదు. తరువాత నిజమైన పులిని చూసినప్పుడు ఈ రెంటికీ తేడా తెలియడానికి దీనిని బెంగాల్ పులి అని ప్రత్యేకంగా పిలవవలసి వచ్చింది. మద్రాసు డాలు మీద ఉన్నది చారల పులి. మన అడవిలోని మృగం యూరపు శాస్త్రాన్ని సవరించిన చోటు ఇది. చోళుల పులిపతాకం కొందరికి జ్ఞప్తికి రావచ్చును గాని, లాంఛన వర్ణనలో చోళుల ప్రసక్తి లేదు, మనం కల్పించనక్కరలేదు. తెలుగువారిదని, తమిళులదని, కన్నడిగులదని, మలయాళీలదని ఏ ఒక్కరి గుర్తూ ఆ డాలు మీద లేదు. ఏనుగు, పులి, తామర ఇన్ని భాషల నేలమీదా ఉన్నవే. ఆ ఎంపిక ఆలోచించి చేసినదో, పరాయివాడు ఈ దేశాన్ని చూసిన చూపు అంతవరకేనో వేరే విషయం. ఫలితం మాత్రం మంచిది.

పులి ఏనుగుల కంటె ఆసక్తికరమైనవి డాలు కింది నాలుగు లాటిను మాటలు. సహజమైన శక్తిని విద్య పెంపొందిస్తుందని వాటి అర్థం. సహజమైన అని ఇక్కడ అనువదించిన మాటకు లాటినులో లోపల నాటబడినది అని వ్యుత్పత్తి. ఇవి క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దికి చెందిన రోమను కవి హొరేస్ గీతంలోనివి. ఆ గీతం ఒక ప్రభువంశపు యువకుని విజయాన్ని పొగడుతుంది. శూరులకు శూరులే పుడతారని కవి మొదట వంశాన్ని కీర్తించి, అయినా విద్య కావాలని తరువాత అంటాడు. విశ్వవిద్యాలయం ఈ రెండవ మాటను మాత్రమే తీసుకొని, ఆ అయినాను, దాని వెనుకనున్న వంశప్రశంసను విడిచిపెట్టింది. పుట్టుకనుబట్టి చదువు నిర్ణయమయ్యే సమాజంలో ఇది చిన్న సవరణ కాదు. శక్తి ప్రతివానిలోను నాటబడి ఉన్నదంటే కులం పేరు చెప్పనక్కరలేదు. ఆచరణలో ఆ తలుపు అందరికీ తెరుచుకోవడానికి చాలాకాలం పట్టింది. స్త్రీలకు, దళితులకు మరీ ఎక్కువకాలం పట్టింది. కాని పట్టా మీది వాక్యం మొదటినుంచి వారి పక్షానే ఉన్నది.

మద్రాసు గొడుగు కిందనుంచి ఒక్కొక్క విశ్వవిద్యాలయమే వేరుపడింది. 1916లో మైసూరు, 1926లో ఆంధ్ర, 1929లో అణ్ణామలై, 1937లో తిరువాంకూరు. మైసూరుకు లాంఛనం వెతుక్కోనక్కరలేకపోయింది. అక్కడ రాజు ఉన్నాడు, రాజుకు రెండు తలల గండభేరుండం ఉన్నది. విశ్వవిద్యాలయం దానిని ధరించింది. ఆంధ్రకు రాజు లేడు. వారసత్వంగా వచ్చే డాలూ లేదు. అందువల్ల తన గుర్తును తానే ఆలోచించుకోవలసి వచ్చింది.

తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారి సూచనల ప్రకారం కౌతా రామమోహనశాస్త్రి గారు ఆ లాంఛనాన్ని చిత్రించారు. డాలును పూర్తిగా వదిలివేశారు. ఉదయిస్తున్న సూర్యుడు విశ్వవిద్యాలయం. కిరణాలు దానిలోని వివిధ శాస్త్రశాఖలు. పద్మం లక్ష్మికి, సరస్వతికి కూడా ఆసనం. ఈ ఇద్దరికీ పొసగదని మన కవులు ఎన్ని పద్యాలు చెప్పలేదు! రెడ్డిగారి విశ్వవిద్యాలయం వారిద్దరికీ ఒకే పీట వేసింది; ఇంజనీరింగు, వాణిజ్య శాస్త్రాల కాలానికి అది తగిన మాటే. పద్మం చుట్టూ ఉన్న అంచు జ్ఞానసముద్రం. స్వస్తిక శుభాకాంక్ష. ఐరోపాలో ఒక దుష్టపాలన ఈ గుర్తును ఎత్తుకుపోయి అపవిత్రం చేసిన తరువాత, విదేశాలకు వెళ్ళిన మన పట్టభద్రులు కొందరికి దీని అర్థం విడమరచి చెప్పవలసి రావచ్చు. సు, అస్తి అన్న రెండు మాటలు విడదీసి చూపితే సరిపోతుంది.

మిగిలినవి రెండు సర్పాలు. నిధిని పాము కాపలా కాస్తుందన్నది మన ఊళ్ళలో ప్రతి పాతగోడకూ ఉన్న కథ. ఇక్కడ నిధి జ్ఞానం. ఒక పామే అయితే అది కాపలా మాత్రమే. రెండు పాములు కనుక అర్థం మారింది: జ్ఞానాన్ని కాపాడేవారు, జ్ఞానాన్ని వెతికేవారు. అధ్యాపకుడు, విద్యార్థి. ఇద్దరికీ ఒకే రూపం.

ఈ జంట లాంఛనవాక్యంలో కూడా ఉన్నది. మా అధ్యయనం తేజోవంతం కావాలని ఉపనిషత్తుల శాంతిపాఠంనుంచి తీసుకున్న సంస్కృత వాక్యం అది. అందులో నౌ అన్న చిన్న మాట ఉన్నది. అది ద్వివచనం. మన ఇద్దరిదీ అని అర్థం. గురువూ శిష్యుడూ కలిసి పలకవలసిన మంత్రం కనుక ద్వివచనం వచ్చింది. ఇంగ్లీషులోకి మార్చినప్పుడు ఈ ఇద్దరు కనిపించరు. తెలుగులో ద్వివచనం లేకపోయినా మనకు వేరొక సదుపాయం ఉన్నది: మా, మన అన్న తేడా. మా చదువు అంటే వినేవానికి అందులో వాటా లేదు. మన చదువు అంటే ఉన్నది. కనుక పై వాక్యంలో మా అని రాసినచోట మన అని దిద్దుకోవాలి. నా చదువు నీకిచ్చాను అని గురువు అనడం లేదు. మన ఇద్దరం చదివినది వెలగాలి అంటున్నాడు. లాటిను వాక్యం విద్యార్థిలోని శక్తిని గురించి మాట్లాడింది. ఈ వాక్యం ఇద్దరి మధ్య జరిగే పనిని గురించి మాట్లాడుతున్నది. ఉపన్యాసం ఇచ్చి గంట కొట్టగానే వెళ్ళిపోయే ఉపాధ్యాయుడు దానిని మళ్ళీ ఒకసారి చదువుకోవడం మంచిది.

ఈ లాంఛనంలో లేనిది కూడా చూడాలి. ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఈ విశ్వవిద్యాలయానికి శాశ్వతంగా ఇచ్చే ఏర్పాటు చేశారు. ఒడియాలోను తెలుగులోను సాహిత్యసేవ చేసిన ప్రభువు ఆయన. శాస్త్ర సాంకేతిక కళాశాలకు ఆయన పేరు పెట్టారు. లాంఛనంలో మాత్రం ఆయన వంశపు గుర్తు ఏదీ లేదు. నలందా ముద్ర మీద దాతల గుర్తు లేనట్టే, ఇక్కడా లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పరాయి పాలన నాటి డాళ్ళను, లాటిను మాటలను తీసివేయాలన్న వాదం అప్పుడప్పుడు వినిపిస్తూనే ఉన్నది. అలా మార్చినవారిని తప్పుపట్టనక్కరలేదు. కింగ్స్ కాలేజి లిల్లీని చూసినవారికి మాత్రం తొందర అనవసరమనిపిస్తుంది. మద్రాసు డాలు మీద కిరీటం లేదు, సింహమూ లేదు. ఉన్నవి ఇక్కడి పులి, ఇక్కడి ఏనుగు, ఇక్కడి తామర. దానిని చెరపవలసిన పని కనబడదు. నిజమైన నష్టం వేరొకచోట జరుగుతున్నది. కొత్తగా వెలసే సంస్థలు ఒక పుస్తకం, ఒక దీపం, ఒక పళ్ళచక్రం పక్కపక్కన పెట్టి, తమ పేరులోని తొలి అక్షరాలు చుట్టూ రాయించి లాంఛనం అయిందనుకుంటున్నవి. పేరు మూసి చూపితే ఏది ఏ ఊరిదో అక్కడ చదివినవారే చెప్పలేరు.

హైదరాబాదు కథ ఇంకొంచెం చిత్రమైనది. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల నిజాము రాజ్యంలో ఉన్నా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. అదే నగరంలో 1918లో ఉర్దూ బోధనభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. దాని తొలి లాంఛనం మీద వెలుగుపై వెలుగు అన్న అర్థం గల ఖురాను మాట ఉండేది. 1947లో నిజాం కళాశాల ఉస్మానియాలో చేరింది. ఇప్పటి ఉస్మానియా లాంఛనం మీద తమసోమా జ్యోతిర్గమయ అన్న ఉపనిషద్వాక్యం ఉన్నది. అంటే ఆ ఒక్క కళాశాలలో మూడు తరాలు చదివిన కుటుంబం ఉంటే, తాతగారి పట్టా మీద పులి, ఏనుగు, లాటిను మాటలు. మనుమరాలి పట్టా మీద చీకటినుంచి వెలుగుకు నడిపించమన్న ప్రార్థన. రెండు కాగితాలూ ఒకే తరగతి గదులనుంచి వచ్చినవి.